నరసింహస్వామి కోపం ఎవరు చల్లార్చారు? ఒక్కో కొండ మీద ఒక్కో జవాబు ఎందుకుంది?

నరసింహస్వామి ఫోటో ఇంట్లో పెట్టుకోవచ్చా అని ఎవరైనా అడిగితే చాలు, పది మంది పది మాటలు చెప్తారు. ఒకరు ఉగ్రరూపం అస్సలు వద్దంటారు, ఇంకొకరు లక్ష్మీదేవి పక్కనుంటే పర్లేదంటారు, మరొకరు యోగంలో కూర్చున్నదైతే మంచిదంటారు, ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే మడీ ఆచారం లేని కొంపలో ఆయన జోలికే పోవద్దని ఒక్క మాటతో తేల్చేస్తుంది. తమాషా ఏంటంటే ఇలా భయపడే ఇళ్ళల్లోనే ఇలవేల్పు ఆయనే, పేర్లు కూడా ఆయనవే. అప్పలరాజు, సింహాచలం అనే పేరు వింటే విశాఖ, విజయనగరం వైపు అని తెలిసిపోతుంది, పానకాలు అంటే మంగళగిరి, పెంచలయ్య అంటే నెల్లూరు, ఓబులేసు అంటే నల్లమల చుట్టుపక్కల, యాదగిరి, నర్సింలు అంటే తెలంగాణ. ఇంత భయపెట్టే దేవుడు మన పిల్లల పేర్లలోకి, పెళ్ళి శుభలేఖల మీదకి ఎలా వచ్చేశాడు? అసలు చిక్కుముడి ఇక్కడుంది.

కథ అందరికీ తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తా. మనిషి చేతిలో గానీ జంతువు చేతిలో గానీ, పగలు గానీ రాత్రి గానీ, లోపల గానీ బయట గానీ, నేల మీద గానీ ఆకాశంలో గానీ, ఆయుధంతో గానీ చావు రాకూడదని హిరణ్యకశిపుడు వరం తెచ్చుకుంటాడు, స్వామి సగం సింహం సగం మనిషిగా స్తంభంలోంచి వచ్చి, సంధ్యవేళ, గడప మీద, ఒడిలో పెట్టుకుని, గోళ్ళతో చీల్చేస్తాడు. మనం సాధారణంగా కథ ఇక్కడ ఆపేస్తాం. కానీ గుళ్ళ సంగతి అర్థం కావాలంటే దీని తర్వాత ఏం జరిగిందో చూడాలి, ఎందుకంటే రాక్షసుడు చచ్చినా స్వామి కోపం దిగలేదు.

భాగవతం సప్తమ స్కంధంలో ఈ ఘట్టం చాలా వివరంగా ఉంటుంది. బ్రహ్మ, రుద్రుడు, ఇంద్రుడు అందరూ దూరంగా నిలబడి స్తోత్రాలు చేస్తారే తప్ప దగ్గరికి పోయే ధైర్యం ఎవరికీ ఉండదు. సరే భార్య కదా అని లక్ష్మీదేవిని పంపిస్తారు, ఆవిడ కూడా ఆ రూపం ఎన్నడూ చూసింది కాదు కాబట్టి జంకి ఆగిపోతుంది. చివరికి బ్రహ్మ ప్రహ్లాదుణ్ణి నువ్వెళ్ళు నాయనా అని పంపితే ఆ పిల్లాడు తిన్నగా వెళ్ళి కాళ్ళ మీద పడతాడు, స్వామి వాడి తల మీద చెయ్యి పెడతాడు, అప్పుడు శాంతిస్తాడు. అంటే భాగవతం ప్రకారం కోపం తగ్గించింది పిల్లాడు. మరి దగ్గరికి రాలేకపోయిన లక్ష్మీదేవి మన గుళ్ళల్లో చాలాచోట్ల స్వామి ఎడమ తొడ మీద కూర్చుని ఎలా ఉంది? ఈ ప్రశ్న వేసుకుంటే మిగతాదంతా మెల్లగా విడిపోతుంది, ఎందుకంటే ఒక్కో క్షేత్రం 'కోపం ఎలా తగ్గింది' అన్నదానికి తనదైన జవాబు ఇచ్చుకుంది, అక్కడి పూజ, నైవేద్యం, ఉత్సవం చాలావరకు ఆ జవాబు చుట్టూనే తిరుగుతాయి.

ఒక విషయం ముందే చెప్పుకోవాలి, కోపంగా చీల్చే రూపమే మొదటిది అనుకోడానికి లేదు. పల్నాడులో కొండమోటు అనే ఊళ్ళో ఒక పొడుగాటి రాతి పలక దొరికింది, క్రీ.శ. 3-4 శతాబ్దాల నాటిదని చెప్తారు. దాని మీద మధ్యలో సింహం కూర్చుని ఉంటుంది, సగం మనిషి కాదు, నిలువునా సింహమే, కాకపోతే రెండు మనిషి చేతులు అదనంగా ఉండి గద, చక్రం పట్టుకుంటాయి, రొమ్ము మీద విష్ణువు గుర్తైన శ్రీవత్సం ఉంటుంది. అటూ ఇటూ వృష్ణి వీరులు, అంటే కృష్ణుడి వంశం వాళ్ళు, నిలబడి ఉంటారు. అందులో హిరణ్యకశిపుడు లేడు, స్తంభం లేదు, ప్రహ్లాదుడు లేడు. అంటే మన నేల మీద ఆయన్ని కొలవడం ఆ కథతో సంబంధం లేకుండా కూడా జరిగింది. పేగులు మెళ్ళో వేసుకున్న బొమ్మ ఒక్కటే నరసింహం అనుకునేవాళ్ళు ఈ పలక గురించి తెలుసుకుంటే మంచిది.

ఇంకో బొమ్మ హంపీలోది. 1528లో కృష్ణదేవరాయలు చెక్కించిన ఏకశిల, 6.7 మీటర్ల ఎత్తు, పెద్ద పెద్ద గుడ్లతో చూస్తుంటాడు, అందరూ ఉగ్రనరసింహుడు అంటారు. నిజానికి అది లక్ష్మీనరసింహ విగ్రహం. ఒడిలో ఉండాల్సిన అమ్మవారి బొమ్మ విధ్వంసంలో విరిగిపోయింది, వెనక్కి వెళ్ళి చూస్తే స్వామి నడుం చుట్టూ వేసిన ఆవిడ చెయ్యి ఒక్కటి ఇప్పటికీ అలాగే అతుక్కుని కనబడుతుంది. అమ్మవారు పోయేసరికి జనం ఆయనకి ఉగ్ర అని పేరు పెట్టేశారు, మొహం మాత్రం అప్పుడూ అదే ఇప్పుడూ అదే. లక్ష్మిని ఒడిలో కూర్చోబెట్టడం ఎంత పని చేస్తుందో ఇంతకంటే బాగా చూపించే విగ్రహం ఇంకోటి లేదేమో.

ఫోటో ప్రశ్నకి కూడా జవాబు ఇక్కడే దొరికింది కాబట్టి చెప్పేస్తున్నా. ఉగ్రమూర్తుల్ని ఊరికి దూరంగా, కొండ మీదో అడవిలోనో ప్రతిష్ఠించాలనేది గుళ్ళు కట్టేవాళ్ళ పాత పద్ధతి, ఎందుకంటే ప్రాణప్రతిష్ఠ చేసిన విగ్రహానికి వేళకి అర్చన, వేళకి నైవేద్యం జరిగితీరాలి, అది తప్పితే దోషం అని. ఈ రూల్ ప్రతిష్ఠ చేసిన మూలవిరాట్టుది, గోడకి తగిలించిన క్యాలెండర్‌ది కాదు. ఆ రెండూ కలిపేసి జనాన్ని బెదరగొట్టే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు. ఆయన మంత్రరాజమే చూడండి, 'ఉగ్రం వీరం మహావిష్ణుం జ్వలంతం సర్వతోముఖం, నృసింహం భీషణం భద్రం మృత్యుమృత్యుం నమామ్యహం', ముప్పై రెండు అక్షరాల్లో భీషణం, భద్రం పక్కపక్కనే వచ్చేస్తాయి, భయం ఒక గదిలో శుభం ఇంకో గదిలో అని విడగొట్టలేదు.

ఇక క్షేత్రాలు. సింహాచలంలో జవాబు చందనం. ఏడాది పొడుగునా మూలవిరాట్టు మీద గంధం పూత ఎంత మందంగా ఉంటుందంటే చూడ్డానికి శివలింగంలాగే ఉంటుంది, కొత్తగా వెళ్ళినవాళ్ళు ఇదేంటి శివాలయమా అని తికమకపడటం మామూలే. వైశాఖ శుద్ధ తదియ, అంటే అక్షయ తృతీయ ఒక్కరోజు ఆ గంధం ఒలిచి నిజరూప దర్శనం ఇస్తారు, మొదటి దర్శనం అనువంశిక ధర్మకర్తలైన విజయనగరం రాజులు పూసపాటి గజపతుల కుటుంబానికి, తర్వాత అందరికీ. ఆ రాత్రికే మళ్ళీ గంధం పూత మొదలు. గంధం చెక్కల్ని సానరాయి మీద అరగదీసి తీసిన ముద్ద ఒక విడతకి మూడు మణుగులు, అంటే సుమారు 120 కిలోలు, అక్షయ తృతీయకి ఒకసారి, వైశాఖ పౌర్ణమికి, జ్యేష్ఠ పౌర్ణమికి, ఆషాఢ పౌర్ణమికి, ఇలా నాలుగు విడతల్లో పన్నెండు మణుగులు సమర్పిస్తారు.

వేడి దేవుడికి ఎండాకాలంలో గంధం, లాజిక్ సరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ స్థలపురాణం కొంచెం వేరే మాట చెప్తుంది. ప్రహ్లాదుడు కొలిచిన స్వామి ఆ తర్వాత పూజలు ఆగిపోయి పుట్టలో కప్పబడిపోయాడట, పురూరవ చక్రవర్తి వచ్చి ఆ పుట్టమన్ను తొలగించి బయటికి తీస్తే, తీసిన మన్నుకి బదులు అంత చందనం పూయమని, ఏడాదికి ఒక్కరోజే నిజరూపం చూడమని ఆకాశవాణి చెప్పిందట. అంటే కథ ప్రకారం గంధం పుట్టమన్ను స్థానంలో వచ్చింది, చల్లదనం సంగతి జనం నోట్లో తర్వాత గట్టిపడి ఉండొచ్చు. నాకైతే ఈ రెండిట్లో ఒకటే నిజం అనక్కర్లేదనిపిస్తుంది, కప్పడం, చల్లబరచడం రెండూ ఒకే పనికి రెండు వైపులు. ఇంకో విశేషం, గంధం తీశాక కనబడేది వరాహ ముఖం, కింద మనిషి దేహం. వరాహ లక్ష్మీ నరసింహస్వామి అన్న పూర్తి పేరు అందుకే, రెండు అవతారాలు ఒకే రాతిలో. ఇక్కడ కులోత్తుంగ చోళుడి కాలం నాటి శాసనం, 11వ శతాబ్దం చివరిది, ఉంది, ఇప్పుడు మనం చూసే కట్టడం చాలావరకు తూర్పు గాంగ రాజు మొదటి నరసింహదేవుడి పేరు మీద 13వ శతాబ్దంలో లేచింది, కృష్ణదేవరాయలు 1516లో, మళ్ళీ 1519లో వచ్చి కానుకలిచ్చినట్టు శాసనాలున్నాయి. రాజుల సంగతి అలా ఉంచితే ఉత్తరాంధ్ర రైతుకి ఆయన అప్పన్న, ఇంట్లో ఆవు ఈనితే కోడెదూడని తీసుకెళ్ళి కొండకి ఇచ్చేసి వచ్చేంత చనువు. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మొదలయ్యే గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా రాత్రంతా నడుస్తారు.

మంగళగిరిలో జవాబు పానకం. కొండ మీద విగ్రహం అంటూ పూర్తిగా ఉండదు, రాతిలో తెరుచుకున్న నోరు, దానికి తొడిగిన ముఖం. పూజారి శంఖంతో బెల్లం పానకం నోట్లో పోస్తుంటే గుటగుటమని శబ్దం వస్తుంది, ఆ శబ్దం ఆగగానే పోయడం ఆపేస్తారు, మిగిలింది ప్రసాదంగా మనకే ఇచ్చేస్తారు. బిందె తెచ్చినా చెంబు తెచ్చినా సగం తాగి సగం వదుల్తాడని నమ్మకం. అంత బెల్లం నీళ్ళు పడే చోట చీమా ఈగా కనబడవని కూడా చెప్తారు. ఇది ఒకప్పటి అగ్నిపర్వతం, లోపల గంధకం ఉంది, పానకం పోస్తే అది శాంతిస్తుంది, అదీ సైన్స్ అని చాలామంది ధీమాగా చెప్తారు గానీ, కాస్త గమనిస్తే ఇది పాత కథకే సైన్స్ చొక్కా తొడిగినట్టుంది, లోపల మండేది ఏదో ఉంది, తియ్యటి చల్లటి నీళ్ళు పోస్తే ఊరుకుంటుంది, మాటలు మారాయి అంతే. కొండ దిగువన లక్ష్మీనరసింహస్వామి గుడికి వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు 19వ శతాబ్దం మొదట్లో కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం ఉంది, చాలామంది దాన్ని చూసి అదే ప్రధాన గుడి అనుకుని కొండెక్కకుండా వెళ్ళిపోతారు.

అహోబిలం దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే అక్కడ ఒక జవాబు కాదు, చాలా ఉన్నాయి. నంద్యాల జిల్లా ఆళ్ళగడ్డ దాటాక నల్లమల అడవిలో తొమ్మిది నరసింహ ఆలయాలు, జ్వాల, అహోబిల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన. హిరణ్యకశిపుణ్ణి చంపిన చోటు ఇదేనని, అక్కడ నిలువునా చీలినట్టున్న కొండే ఆ స్తంభమని, దాన్నే ఉగ్రస్తంభం అంటారు. ఒకే అడవిలో కొన్ని గంటల నడక దూరంలో చీల్చే రూపం ఉంది, ప్రహ్లాదుడికి యోగం నేర్పిన రూపం ఉంది, లక్ష్మిని పక్కన పెట్టుకున్న మాలోలుడు ఉన్నాడు, మర్రిచెట్టు కింద పాట వింటూ కూర్చున్న ఛత్రవటుడు ఉన్నాడు. కోపం నుంచి శాంతం దాకా మొత్తం మెట్లన్నీ కొండల మీద పరిచేసినట్టుంటుంది. ఆళ్వార్లు పాడిన 108 వైష్ణవ క్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో, ఇదొకటి, తిరుమంగై ఆళ్వార్ ఇక్కడికి చేరడం ఎంత కష్టమో తన పాశురాల్లో, అంటే తమిళ పాటల్లో, చెప్పుకున్నాడు, ఇప్పటికీ జ్వాల, పావన ఆలయాలకి వెళ్ళిరావడం సుఖమైన పనేం కాదు.

కానీ అహోబిలంలో జనం ఎక్కువగా చెప్పుకునే కథ చెంచులక్ష్మిది. హిరణ్యకశిపుణ్ణి చంపాక స్వామి కోపం తగ్గక అడవిలో తిరుగుతుంటే ఒక చెంచు పిల్ల కనబడింది, ఆ పిల్లని చూసి మనసు పడ్డాడు, కోపం దిగిపోయింది. పెళ్ళి మాత్రం ఊరికే కాలేదు, చెంచులు మా పిల్ల కావాలంటే వేట తెలియాలి, తేనె తీయడం రావాలి, గడ్డలు తవ్వడం రావాలి అని పరీక్షలు పెట్టారని పాటల్లో వస్తుంది. వైకుంఠనాథుడు దుంపలు తవ్వి చూపించి అల్లుడయ్యాడన్నమాట. అందుకే చెంచులకి ఆయన భయపడాల్సిన దేవుడు కాదు, ఇంటి అల్లుడు, వరసకి బావ.

ఈ చుట్టరికం పారువేట ఉత్సవంలో కళ్ళకి కడుతుంది. సంక్రాంతి మర్నాడు, కనుమ నాడు, జ్వాలానరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఉత్సవమూర్తులు పల్లకీ ఎక్కి ఊళ్ళ మీదకి బయల్దేరతాయి. బయల్దేరేటప్పుడు చెంచులు వచ్చి పల్లకీ మీదకి బాణాలు వేసి సాగనంపుతారు. అక్కణ్ణుంచి దాదాపు నలభై రోజులకి పైగా ముప్పై దాకా ఊళ్ళు తిరుగుతుంది, ప్రతి ఊళ్ళో పల్లకీ దించడానికి తెలుపు అని పిలిచే ఒక అరుగు ఉంటుంది, ఆ ఊరి వాళ్ళకి ఆ రోజు తిరణాలే, ఆడపిల్లల్నీ అల్లుళ్ళనీ పిలుచుకుంటారు. ఎందుకు తిరుగుతున్నాడంటే ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల్లో జరిగే తన కల్యాణానికి స్వయంగా పిలవడానికి. పెళ్ళికొడుకే ఊరూరా తిరిగి నా పెళ్ళికి రండి అని పిలిచే దేవుడు ఇంకెక్కడ ఉన్నాడు చెప్పండి! ఇంకోపక్క ఇదే అహోబిలం 14వ శతాబ్దం చివర్లో ఆదివన్ శఠకోప యతి స్థాపించిన అహోబిల మఠానికి మూలస్థానం, మఠం పీఠాధిపతులైన జీయర్లు మాలోల ఉత్సవమూర్తిని తమతో ఊళ్ళు తిప్పుతూ నిత్యారాధన చేస్తారు. మఠం దేవుడూ తిరుగుతాడు, చెంచుల అల్లుడూ తిరుగుతాడు, కాకపోతే దారులు వేరు.

అడవి దేవుణ్ణి వైష్ణవులు కలుపుకున్నారా, వైష్ణవ దేవుణ్ణి చెంచులు తమవాణ్ణి చేసుకున్నారా అని పండితులు చాలాకాలంగా వాదించుకుంటూనే ఉన్నారు. నా మటుకు నాకు ఎవరు ముందు అన్న గొడవ కంటే ఇద్దరూ ఈరోజుకీ ఒకరి కథ ఒకరు కొట్టెయ్యకుండా ఉండటమే పెద్ద విషయం. అలాగని అంతా సాఫీగా ఉందని చెప్పను. పావన నరసింహుణ్ణి చుట్టుపక్కల పల్లెల వాళ్ళు పాములేటి నరసింహస్వామి అంటారు, అక్కడికి కోడినో మేకనో మొక్కుగా తీసుకెళ్ళే అలవాటు ఉంది, వైష్ణవ సంప్రదాయానికి అది సుతరామూ పడదు. ఇదేం దేవుడికి అపచారం అని ఒకళ్ళు, మా తాతల కాలం నుంచి ఇంతే అని ఇంకొకళ్ళు. ఒకే దేవుడు రెండు వంటిళ్ళకి అల్లుడైతే ఈ ఇబ్బంది తప్పదు మరి.

నెల్లూరు జిల్లా పెంచలకోనలో కథ ఇంకాస్త ముందుకెళ్తుంది. అక్కడా చెంచులక్ష్మితో పెళ్ళే, కానీ మొదటి భార్య ఆదిలక్ష్మికి కోపం వచ్చి ఏటి అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయిందట, అందుకే అమ్మవారి గుడి విడిగా ఉంటుంది. స్వామి కోపం తగ్గింది, అమ్మవారికి కోపం వచ్చింది. జానపదులు కథల్లో లెక్కలు ఎంత కచ్చితంగా చూస్తారో!

శైవులు చెప్పే జవాబు వేరు, శివుడు శరభ రూపంలో, సగం పక్షి సగం మృగంగా వచ్చి నరసింహుణ్ణి అణిచాడని. తమిళనాడు దారాసురం చోళుల గుళ్ళో ఆ శిల్పం ఉంది. దానికి పోటీగా వైష్ణవులు స్వామి రెండు తలల గండభేరుండం అయ్యి శరభాన్ని అణిచాడని చెప్పారు. ఎవరి మీద ఎవరు గెలిచారన్న పంతం తప్ప ఇందులో భక్తి పాలు తక్కువే అని నా అభిప్రాయం, కాకపోతే యాదగిరిగుట్టలో పంచ నరసింహుల్లో గండభేరుండ నరసింహుడు ఎందుకున్నాడో అర్థం కావాలంటే ఈ గొడవ తెలిసుండాలి.

యాదగిరిగుట్ట పేరు వచ్చింది కాబట్టి, ఇక్కడికొచ్చాక మనం ఇప్పటిదాకా వేసుకున్న ప్రశ్నే కాస్త తిరగబడుతుంది. గుహలో వెలసిన స్వామి, యాద మహర్షి తపస్సుకి మెచ్చి జ్వాల, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపాల్లో కనబడ్డాడని స్థలపురాణం. 2022 మార్చి 28న కృష్ణశిలతో కట్టిన కొత్త ఆలయం తెరిచాక చూడ్డానికి వచ్చేవాళ్ళు పెరిగారు గానీ, అంతకుముందు తరాల వాళ్ళకి ఇది వైద్యుడి గుడి. నయం కాని జబ్బు ఉన్నవాళ్ళు, గాలి సోకిందనుకునేవాళ్ళు, పీడకలలు వచ్చేవాళ్ళు కొండ మీదే మండలం రోజులు ఉండి తడిబట్టలతో ప్రదక్షిణలు చేసేవాళ్ళు. వీళ్ళెవరూ చల్లబడిపోయిన దేవుడి కోసం రాలేదు కదా. జబ్బుని, అప్పుని, భయాన్ని చీల్చడానికి ఆ గోళ్ళు కావాలి. అంటే భక్తుడికి కావాల్సింది తన మీద కోపం లేని స్వామి, తన శత్రువు మీద మాత్రం కోపం తగ్గని స్వామి. గంధం, పానకం, ఒడిలో లక్ష్మి, చెంచు పెళ్ళి, ఇవన్నీ ఆయన్ని దగ్గరికి వెళ్ళగలిగేంత వరకే చల్లబరుస్తాయి, అంతకు మించి చల్లబడితే ఆయన దగ్గరికి పరిగెత్తుకెళ్ళే అవసరమే ఉండదు. ఈ ముక్క పట్టుకుంటే ఒకే గుట్ట మీద ఉగ్రుడూ లక్ష్మీసమేతుడూ ఎందుకు కలిసున్నారో వేరే చెప్పక్కర్లేదు.

వెళ్దామనుకునేవాళ్ళకి, ఇంట్లో చేసుకుందామనుకునేవాళ్ళకి కొన్ని సంగతులు. నరసింహ జయంతి వైశాఖ శుద్ధ చతుర్దశి, పూజ సాయంత్రం చెయ్యాలి, పొద్దున్నే చేసి చేతులు దులుపుకుంటే ఆయన వచ్చిన వేళ తప్పినట్టే. పగలంతా ఉపవాసం ఉండి సూర్యాస్తమయం వేళకి పానకం, వడపప్పు పెడితే సరిపోతుంది, పెద్ద ఖర్చేం లేదు. నెలనెలా స్వాతి నక్షత్రం ఆయన జన్మనక్షత్రం, యాదగిరిగుట్టలో ఆ రోజు అష్టోత్తర శతఘటాభిషేకం, అంటే నూట ఎనిమిది కలశాలతో అభిషేకం, గిరిప్రదక్షిణ ఉంటాయి. మంగళగిరి కొండ మీద గుడికి మధ్యాహ్నం లోపే వెళ్ళాలి, సాయంత్రం నుంచి దేవతలు పూజ చేసుకుంటారని మూసేస్తారు. మాలకొండ నరసింహస్వామి గుడి అయితే శనివారం ఒక్కరోజే తెరుస్తారు, మిగతా ఆరు రోజులు ఋషుల వంతట, కాబట్టి ఆదివారం సెలవు కదా అని బండేసుకుని వెళ్తే మూసిన తలుపులు చూసి రావాల్సిందే.